కొండ మబ్బులో ఆగిన ప్రయాణం

డాక్టర్ వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారు 1949 జూలై 8న కడప జిల్లా జమ్మలమడుగులో పుట్టారు. డాక్టరు చదువు చదివి, పేదలకు వైద్యం చేశారు. 1978లో పులివెందుల నుంచి మొదటిసారి శాసనసభకు గెలిచారు. 2003లో మండే ఎండల్లో చేవెళ్ల నుంచి శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దాకా దాదాపు 1,500 కిలోమీటర్లు నడిచి, ఊరూరా జనం కష్టాలు విన్నారు. 2004లో ముఖ్యమంత్రి అయ్యారు. 108 అంబులెన్సు, ఆరోగ్యశ్రీ ఆయన కాలంలోనే వచ్చాయి.

2009 సెప్టెంబరు 2 ఉదయం హైదరాబాదు బేగంపేటలో బెల్ 430 హెలికాప్టరు ఎక్కి చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. అది వానాకాలం. నల్లమల కొండల మీద ఉరుముల మబ్బులు కమ్ముకున్నాయి. దారిలో గేర్ బాక్సు ఆయిల్ ప్రెషర్ గురించి ఒక హెచ్చరిక వచ్చింది. పైలట్లు దానికేం చెయ్యాలో పుస్తకంలో వెతకసాగారు. ఈలోగా హెలికాప్టరు మబ్బులోకి పోయింది.

అలాంటి మబ్బులో వానతోపాటు చల్లగాలి పైనుంచి కిందికి బలంగా దిగుతుంది. ఆ గాలే హెలికాప్టరును కిందికి తోసేసిందని విచారణలో తేలింది. పావురాలగుట్ట దగ్గర కూలి, అందులోని ఐదుగురూ చనిపోయారు. వాన, దట్టమైన అడవి. మర్నాడు పొద్దున గానీ జాడ దొరకలేదు.

మిత్రులారా! మన కొండల మీదికీ ఇలాంటి మబ్బు వస్తుంది. అది చూసి సంతకు పోయే మన పెద్దవాళ్లు కాసేపు ఆగుతారు. ఆకాశంలో పోయేవాళ్లకైనా అంతే. ఒక చిన్న హెచ్చరిక చూస్తూ, ఎదురుగా ఉన్న పెద్ద మబ్బును మరవకూడదు. ఆగడం పిరికితనం కాదు.