దివాన్‌గిరీ వదిలాక నలభై మూడేండ్లు

సెప్టెంబరు 15 వచ్చిందంటే ఇంజనీరింగ్ కాలేజీల్లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఫోటోకు దండ పడుతుంది. ఎవరో ఒకరు కృష్ణరాజసాగర్ గురించి మాట్లాడతారు. అంతటితో ఇంజనీర్స్ డే అయిపోతుంది. నేను మాత్రం ఆయన రిటైరయ్యాక ఏం చేశారో రాస్తాను. నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది అదే.

మాది కోయిలకుంట్ల. నంద్యాల మీదుగా నల్లమల దాటి, గిద్దలూరు వైపు పోతే మోక్షగుండం అనే ఊరుంది. ఆయన పూర్వీకులది ఆ ఊరే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆ ప్రాంతం మా కర్నూలు జిల్లాలోదే. ఆ తెలుగు కుటుంబం మైసూరు రాజ్యానికి వలసపోయింది. అక్కడ ముద్దెనహళ్ళిలో 1861లో ఆయన పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ డిగ్రీ చదివారు. పుణెలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వంలో ఉద్యోగంలో చేరారు.

ఆ తర్వాతిది మనకు తెలిసిన కథే. సుక్కూరుకు తాగునీళ్ళు, ఖడక్‌వాస్లా డ్యాంకు ఆటోమేటిక్ గేట్లు, 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదుకు వరద రక్షణ పథకం. 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరు, 1912లో దివాన్. 1918లో ఆ పదవి వదిలేశారు. అప్పటికి వయసు 57.

మనవాళ్ళయితే ఇంక కృష్ణా రామా అనుకోమంటారు. ఆయన 1920లో దేశ పునర్నిర్మాణం మీద పుస్తకం వేశారు. 1923 నుంచి భద్రావతి ఇనుము కర్మాగారం బాధ్యత మోశారు. 1927లో టాటా స్టీల్ డైరెక్టరై, 1955 దాకా ఆ బోర్డులో ఉన్నారు. 1934లో, 73 ఏండ్ల వయసులో, భారతదేశానికి ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ ఎట్లుండాలో రాశారు. ప్లానింగ్ కమిషన్ పుట్టింది ఆ తర్వాత 16 ఏండ్లకు! తొంభయ్యో ఏట, 1951లో, తన ఉద్యోగ జీవితాన్ని గుర్తుచేసుకుంటూ ఇంకో పుస్తకం తెచ్చారు. మొకామా దగ్గర గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చే పనిలోనూ తొంభై దాటిన మనిషి సలహా తీసుకున్నారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో, నూరేండ్లు నిండాక పోయారు.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆయన తెలిసిన పనినే తిప్పి తిప్పి చేయలేదు. నీళ్ళ ఇంజనీరు ఇనుము దగ్గరికి, అక్కడి నుంచి ఆర్థికశాస్త్రానికి పోయారు. ప్రతిసారీ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

మెదడు మీద పరిశోధన చేసేవాళ్ళు దీన్ని కాగ్నిటివ్ రిజర్వ్ అంటారు. మన భాషలో చెప్పాలంటే చెరువులో నిల్వ. కరువు అందరికీ వస్తుంది, నిల్వ ఉన్న ఊరు ఇంకొన్నాళ్ళు తట్టుకుంటుంది. అమెరికాలో 1986లో మొదలైన ఒక అధ్యయనంలో 678 మంది క్రైస్తవ సన్యాసినులను ఏండ్ల తరబడి పరీక్షించారు. చనిపోయాక చూస్తే, కొందరి మెదళ్ళలో అల్జీమర్స్ గుర్తులున్నాయి. బతికున్నప్పుడు మాత్రం వాళ్ళకు మతిమరుపు లేదు. యవ్వనంలో రాసిన స్వీయపరిచయాల్లో ఆలోచనలు దట్టంగా ఉన్నవాళ్ళకు ముసలితనంలో ఆ జబ్బు తక్కువగా కనిపించింది. మన క్లబ్బులో కథలు రాసేవాళ్ళకు ఇది మంచి కబురే!

అయితే ఇది గ్యారంటీ కాదు. బాగా చదివినవాళ్ళకూ, జీవితమంతా పనిచేసినవాళ్ళకూ ఆ జబ్బు రావచ్చు. వస్తే అది వాళ్ళ తప్పు కాదు. విశ్వేశ్వరయ్య గారికి మితమైన తిండి, రోజూ నడక కూడా తోడున్నాయి. బీపీ, షుగరు, వినికిడి చూపించుకోవడం కూడా ముఖ్యమే. ఒక్క మనిషి జీవితంతో శాస్త్రం రుజువైపోదు.

కానీ మన ఇండ్లల్లో జరిగేది చూడండి. తాతకు అరవై దాటంగానే సేద్యం లెక్కలు తీసేసుకుంటాం. అవ్వ ఏమన్నా అడిగితే నీకెందుకులే, ఊరికే కూర్చో అంటాం. ప్రేమతోనే అంటాం, కాకపోతే దాంతో వాళ్ళ బుర్రకు పనిలేకుండా చేస్తున్నాం. ఈ సెలవులకు ఊరికి పోతే వాళ్ళకు ఫోన్లో డబ్బు పంపడం నేర్పండి. విత్తనాల ఖర్చు లెక్క వాళ్ళనే వేయమనండి. తప్పు పోతే మళ్ళీ వేస్తారు. మనం కూడా, ప్లేస్‌మెంట్ వచ్చింది కదా అని పుస్తకం మూసేయకుండా ఉంటే చాలు.