మెట్టెరిగిన శ్రావకుడు - కవి బనారసీదాసు

పర్యూషణ పర్వదినములలో ఉత్సాహముతో నియమములు పట్టి, దీపావళి లెక్కలనాటికి వానిని విడిచిపెట్టి సిగ్గుపడువారు ప్రతి సంఘమునందును కొందరుందురు. తమకు మనోబలము చాలలేదని వారు తమనే నిందించుకొందురు. సుమారు నాలుగువందల ఏండ్ల క్రిందట ఆగ్రాలో వ్యాపారము చేసిన కవి బనారసీదాసు జీవితము అట్టివారు తప్పక తెలిసికొనదగినది.

బనారసీదాసు విక్రమ సంవత్సరము 1643లో, అనగా క్రీ.శ. 1586-87లో, జౌన్‌పూరు పట్టణమున శ్రీమాల కులమునందు జన్మించెను. తండ్రి ఖరగసేనుడు రత్నవర్తకుడు. బిడ్డకు మొదట విక్రమాజిత్తు అని పేరు పెట్టిరి. కాశీలో పార్శ్వనాథుని సన్నిధికి తీసికొనిపోయిన పిమ్మట ఆ పేరు బనారసీగా మారెను.

యౌవనమున ఆయనకు వ్యాపారముకంటె ప్రేమయు, కవిత్వమును ప్రియములయ్యెను. ఒక సన్న్యాసి మంత్రమొకటి ఉపదేశించి, ఏడాదిపాటు రహస్యముగా జపించినచో దినమునకొక దీనారము వాకిట దొరకునని నమ్మించెను. బనారసీదాసు ఏడాది నిండువరకు జపము సాగించెను. దీనారము మాత్రము దొరకలేదు. తరువాత ఒక జోగి ఇచ్చిన శంఖమును పూజించెను. మనోబలము లేనివాడు ఏడాదిపాటు అట్టి జపము చేయగలడా? ఆయనకు పట్టుదల కొరత ఎన్నడును లేదు. లోపమంతయు ఆ పట్టుదలకు ఆధారమైన దానిలో నుండెను.

1605లో అక్బరు చక్రవర్తి మరణవార్త విన్నప్పుడు ఆయన మెట్లపై కూర్చుండి యుండెను. ఒడలు తూలి పడి తలకు గాయమయ్యెను. ఆ తరువాత శంఖపూజ మానివేసెను. తాను వ్రాసిన శృంగార కావ్యమును గోమతీనదిలో పారవేసెను. అటుపిమ్మట జైన శ్రావకుని నియమములన్నింటిని ఒక్కసారిగా తలకెత్తుకొనెను. దేవాలయ దర్శనము లేనిదే భోజనము లేదు. సామాయికము, ప్రతిక్రమణము, వ్రతములు వరుసగా సాగెను.

వ్యాపారము మాత్రము కలిసిరాలేదు. 1610లో రత్నములు, నేయి, నూనె, జౌన్‌పూరు బట్టలు బండ్లకెత్తించి ఆగ్రా చేరెను. సరకు నష్టమునకు పోయెను, కొన్ని రత్నములు పోగొట్టుకొనెను. చేతిలో పైస లేక ఒక కచౌరీల వర్తకుని వద్ద నెలల తరబడి అప్పు తినెను. ఆ ఖాతా 14 రూపాయలు తేలెను, దానిని తరువాత తీర్చెను. ఇంటిలో దుఃఖము అంతకంటె పెద్దది. మూడు వివాహములు జరిగెను, తొమ్మిదిమంది బిడ్డలు కలిగిరి. ఒక్కరును దక్కలేదు.

ఇంత బరువు మోయుచున్న మనిషి చేతికి 1623 ప్రాంతమున సమయసారము, దానిపై రాజమల్లుని వ్యాఖ్య వచ్చెను. సమయసార కర్తయైన కుందకుందాచార్యుల ఊరు అనంతపురము జిల్లాలో గుంతకల్లు దగ్గరి కొనకొండ్ల యని ప్రసిద్ధి. రాయచూరునుండి రైలులో దక్షిణమునకు పోయినచో గుంతకల్లు చేరవచ్చును. నిశ్చయ దృష్టిలో ఆత్మ శుద్ధమేయని ఆ గ్రంథము బోధించును. బనారసీదాసు ఆ మాట పట్టుకొని, అన్ని సంవత్సరములు బలవంతముగా మోసిన క్రియలన్నింటిని ఒక్కసారి దింపివేసెను. జపము పోయెను, సామాయికము పోయెను. నలుగురు మిత్రులు గది తలుపు మూసి, బట్టలు విడిచి, తామును మునులమైతిమని ఆడుకొనిరి. ఊరు నవ్వెను. లోపల ఆనందము లేదు, వెలుపల ఆచారము లేదు. ఈ స్థితి సుమారు 12 ఏండ్లు సాగెను.

1635లో రూపచందుడను పండితుడు ఆగ్రాకు వచ్చి గోమ్మటసారమును చదివి వినిపించెను. ఈ గ్రంథమును నేమిచంద్రాచార్యులు శ్రవణబెళగొళమున గోమ్మటేశ్వరుని నిలిపిన చాముండరాయని కొరకు రచించిరి. అందు జీవుని ఉన్నతికి 14 గుణస్థానములు చెప్పబడెను. నాలుగవ మెట్టున సరియైన శ్రద్ధ కలదు కాని వ్రతము లేదు. అయిదవ మెట్టు కొంతమేరకు వ్రతములు పట్టిన గృహస్థునిది. ఆరవ మెట్టునగాని ముని ధర్మము రాదు. ఏ మెట్టున ఉన్నవానికి ఆ మెట్టుకు తగిన ఆచారమే తగును. మూసిన గదిలో బట్టలు విడిచినంతమాత్రమున మెట్టు మారదని బనారసీదాసు గ్రహించెను.

పదకొండవ మెట్టు గూర్చిన మాట మరింత లోతైనది. ఆ మెట్టున కషాయములు నశింపవు, అణగి యుండును. చిల్లగింజ అరగదీసి వేసిన నీటిలో బురద అడుగున పేరుకొని నీరు తేటగా కనబడినట్లు ఆ జీవుడు శుద్ధుడుగా కనబడును. కాని బురద మరల లేచును, జీవుడు క్రిందికి జారితీరును. అంత ఎత్తున నున్నవానికే అణచిపెట్టుట నిలువనప్పుడు, కొట్టు నడుపుకొను గృహస్థునికి కేవలము బిగపట్టుట ఎట్లు నిలుచును?

ఆ పిమ్మట బనారసీదాసు ముని కాలేదు, వ్యాపారము వదలలేదు. ఆగ్రాలో రూపచందుడు, చతుర్భుజుడు, భగవతీదాసు, కున్వర్‌పాల్, ధర్మదాసు అను అయిదుగురు కూడి ధర్మచర్చ చేయుచుండిరి. వారి సాంగత్యమున 1636లో సమయసార నాటకమును పూర్తిచేసెను. 1641లో, 55వ ఏట, అర్ధకథానకమను స్వీయచరిత్ర వ్రాసెను. అందు తన గుణములతోపాటు దోషములను కూడ ఖాతాలో జమాఖర్చువలె వ్రాసికొనెను. స్వల్ప లాభమునకు మిక్కిలి సంతోషము, స్వల్ప నష్టమునకు మిక్కిలి దుఃఖము, జపతపములయందు ఆసక్తి లేకుండుట, ఇవన్నియు అందు కలవు. లేని మెట్టును ఉన్నదని చూపలేదు.

దేవదుర్గము తాలూకా జాలహళ్ళి వంటి ఊళ్ళలో తెల్లవారకముందే కొట్టు తెరచి, రాత్రి పద్దు వ్రాసికొను వర్తకునికి ఈ చరిత్ర దగ్గరి చుట్టమువంటిది. కొట్టు పెట్టుబడి చూచి సరకు తెచ్చువాడు, తన శక్తి చూచి వ్రతము పట్టవలెను. సామాయికమునకు పెద్దలు రెండు ఘడియలే, అనగా 48 నిమిషములే, నిర్ణయించిరి. దానికి వేళ ఒకటి, చోటు ఒకటి, తోడుగా కూర్చుండు నలుగురు ఏర్పడినచో ప్రతిదినము మనస్సుతో యుద్ధము చేయ పనిలేదు. బనారసీదాసుకు పట్టుదల ఇవ్వలేని నిలకడను తన మెట్టు ఎరుగుటయు, సజ్జన సాంగత్యమును ఇచ్చెను.