కోలిమా నదిపై చివరి ప్రయాణం

ఆసియా పటంలో ఈశాన్య మూలను చూస్తే, కొండల్లో పుట్టి ఉత్తరంగా సాగి తూర్పు సైబీరియా సముద్రంలో కలిసే ఒక నీలిగీత కనిపిస్తుంది. అదే కోలిమా నది. పొడవు సుమారు 2,100 కిలోమీటర్లు. ఏడాదిలో దాదాపు ఎనిమిది నెలలు గడ్డకట్టే ఉంటుంది. జూన్‌లో మంచు కరిగితే అక్టోబరులో మళ్ళీ పేరుకుంటుంది. ఒడ్డుల వెంట తైగా అడవి. అందులో ఎక్కువగా లార్చ్ చెట్లు. ఇవి సూది ఆకుల చెట్లే అయినా చలికాలానికి ఆకు రాలుస్తాయి. కొద్ది లోతులోనే నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది కనుక వేర్లు కిందికి దిగలేక పక్కలకు పాకుతాయి.

ఈ నదితో ముడిపడిన పేరు యాన్ చెర్స్కీ. ఆయన 1845లో నేటి బెలారస్ ప్రాంతంలో ఒక పోలిష్ కుటుంబంలో పుట్టారు. 1863లో రష్యా చక్రవర్తి పాలనపై జరిగిన తిరుగుబాటులో పాల్గొన్నప్పుడు ఆయన వయసు దాదాపు పద్దెనిమిదేళ్ళు. పట్టుబడి, శిక్షగా సైబీరియాలోని ఓమ్స్క్‌లో సిపాయిగా పనిచేయవలసి వచ్చింది. చదువు మధ్యలో ఆగిపోయింది. కానీ అక్కడ దొరికిన పుస్తకాలతో భూగర్భశాస్త్రం, జంతువుల శరీర నిర్మాణం సొంతంగా నేర్చుకున్నారు. ఆరోగ్యం దెబ్బతినడంతో 1869లో సైన్యం నుంచి విడుదలయ్యారు. 1871లో ఇర్కుత్స్క్ చేరి, భౌగోళిక సంఘంలో పనిచేస్తూ బైకాల్ సరస్సు తీరాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించి, దాని భూగర్భ పటం తయారుచేశారు. పంపినవారు దాన్ని శిక్ష అనుకున్నారు. ఆయన దాన్ని బడిగా మార్చుకున్నారు.

1885లో రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వెళ్ళే అనుమతి వచ్చింది. ఇక అక్కడే సుఖంగా ఉండవచ్చు. అయినా 1891లో విజ్ఞానశాస్త్ర అకాడమీ తరఫున కోలిమాకు బయలుదేరారు. వెంట భార్య మావ్రా, కొడుకు అలెగ్జాండర్ ఉన్నారు. యాకుత్స్క్ నుంచి గుర్రాలపై కొండలు దాటి, వేసవి చివరికి వెర్ఖ్నెకోలిమ్స్క్ చేరారు. అప్పటి పటాల్లో లేని పర్వత వరుసలు ఆ దారిలో ఉన్నాయని గుర్తించారు. ఆ చలికాలంలో జబ్బు ముదిరింది. తాను బతకనని ఆయనకు అర్థమైంది. తాను పోయినా ప్రయాణం ఆగకూడదని, పరిశీలనలు మావ్రా కొనసాగించాలని ముందే ఏర్పాటు చేశారు.

1892 వేసవిలో మంచు కరగగానే పడవ కదిలింది. ఆ ప్రయాణంలోనే ఆయన కన్నుమూశారు. ఓమొలోన్ నది కోలిమాలో కలిసేచోటుకు దగ్గర ఒడ్డున సమాధి చేశారు. మావ్రా వెనుదిరగలేదు. దుఃఖంలోనే కింది కోలిమా వరకు వెళ్ళి, పరిశీలనలు రాసి, సేకరించినవన్నీ భద్రంగా రాజధానికి చేర్చారు. 1926లో సెర్గీ ఓబ్రుచెవ్ ఆ పర్వతశ్రేణిని పరిశోధించి దానికి చెర్స్కీ పేరు పెట్టించారు. మావ్రా పేరు మాత్రం పటంలో మనం చూసేచోట లేదు. అందుకే ఇక్కడ గుర్తుచేస్తున్నాం.

మన బడిలో చాలామందిమి బదిలీలతో ఊళ్ళు మారేవాళ్ళమే. మన బదిలీలు శిక్షలు కావు. ఆయన కష్టంతో మన ఇబ్బందులను పోల్చలేం. కానీ కొత్త ఊరు చేరిన వారంలోనే అక్కడి నది ఎక్కడ పుట్టిందో, ఎటు పోతుందో అడిగి తెలుసుకోగలం. ఆ పని చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.