పూటకూళ్ళ ఇంటి బిడ్డ: ప్రకాశం పంతులుగారు

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు వినని తెలుగువారుండరు. 1928లో సైమను సంఘము రాకకు నిరసనగా మదరాసులో తుపాకులకు రొమ్ము చూపిన ధీరుడనియు, 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి యనియు పిల్లలు సైతము చెప్పగలరు. కాని ఆ ధీరుని వెనుక ఒంగోలులో ఒక వంటయిల్లు ఉన్నదనియు, ఆ పొయ్యి ఆరకుండుటకై ఒక తల్లి పడిన పాట్లు ఎట్టివో తలచుకొనువారు తక్కువ. ఈ రజతోత్సవ సంచికలో ఆ కథను చెప్పదలచితిమి.

పంతులుగారు 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమునందలి వినోదరాయునిపాలెములో గోపాలకృష్ణయ్య, సుబ్బమ్మ దంపతులకు జన్మించిరి. వారిది నియోగి కుటుంబము. ఆనాడు నియోగులకు కరణీకము, సర్కారు కొలువు గౌరవమైన జీవనములు. ప్రకాశముగారి పదునొకండవ యేట తండ్రి గతించెను. ఇంటి యజమానితోపాటు ఇంటి రాబడియు పోయెను. సుబ్బమ్మగారు బిడ్డలను సాకుటకై ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టిరి.

ఆ దినములలో మన పట్టణములందు నేటివలె హోటళ్ళు లేవు. పనులమీద పరవూరినుండి వచ్చినవారికి పూటకింతయని పుచ్చుకొని అన్నము పెట్టు ఇండ్లే దిక్కు. తెల్లవారకముందే నీళ్ళు తోడుట, కట్టెలు సమకూర్చుట, విస్తళ్ళు కుట్టుట, వండి వడ్డించుట, ఎంగిలి యెత్తుట, ఇదంతయు ఇంటివారి రెక్కల కష్టమే. ఇంత చేసినను ఆ వృత్తికి లోకములో మన్నన లేదు. అన్నము దానము చేయవలసినదే గాని అమ్మదగినది కాదని పెద్దల నమ్మకము. వితంతువు పరులకు వండి పెట్టి డబ్బు పుచ్చుకొనుట వంశమునకే తలవంపులని తలచెడివారు. పూటకూళ్ళమ్మ యన్న మాటయే చులకనగా పలికెడివారు. వంశగౌరవమా, బిడ్డల ఆకలియా యను ప్రశ్న వచ్చినప్పుడు సుబ్బమ్మగారు బిడ్డల ఆకలినే చూచిరి.

ఆ సంపాదనయు చాలలేదు. ప్రకాశముగారు సంపన్నుల యిండ్లలో వారములు చెప్పుకొని భోజనము చేయవలసి వచ్చెను. ఇది గమనింపదగిన సంగతి. ఊరివారికి అన్నము పెట్టు ఇంటి బిడ్డ తాను పొరుగిండ్ల విస్తరిముందు కూర్చుండెను. కుటుంబ వ్యాపారములో ఇంటి మనిషి తిన్న అన్నమును ఖర్చుక్రిందనే వచ్చును. ఆ లెక్క తల్లికి ఎంత కష్టముగా నుండెనో తల్లులు ఊహింపగలరు.

పిల్లవాడు నెమ్మదియైనవాడును కాడు. అల్లరి సావాసములు, నాటకముల పిచ్చి మెండు. అట్టి కొడుకును చదువు మాన్పించి పొయ్యికడ నిలిపినచో మరియొక చేయి కలిసియుండెడిది. ఆమె అట్లు చేయలేదు. ఒకమారు పరీక్ష రుసుము కట్టుటకు మూడు రూపాయలు కావలసివచ్చెను. ఇంటిలో లేవు. బావగారు ఇచ్చునను ఆశతో బాలుడు దూరాన నున్న వారి యూరికి నడచిపోయి, అక్కడను దొరకక వట్టిచేతులతో మరలి వచ్చెను. అప్పుడు తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి రుసుము కట్టెను. బంధువుల కలిమి చాలనిచోట తల్లి తెగువ చాలెను.

మిషను పాఠశాలలో ఉపాధ్యాయులైన హనుమంతరావు నాయుడుగారు ఈ బాలుని తెలివిని కనిపెట్టి తమతో రాజమహేంద్రవరమునకు తీసికొనిపోయి చదివించిరి. కులము వేరైనను కన్నకొడుకువలె చూచిరి. 1890లో ప్రకాశముగారికి అక్క కుమార్తెయైన హనుమాయమ్మగారితో వివాహమయ్యెను. సుబ్బమ్మగారికి మనుమరాలే కోడలాయెను. అటుపిమ్మట పంతులుగారు న్యాయశాస్త్రము చదివి ప్లీడరై, రాజమహేంద్రవర పురపాలక సంఘాధ్యక్షులై, ఇంగ్లండు వెళ్ళి బారిష్టరై, మదరాసులో విశేషముగా ధనము గడించిరి.

1921లో ఆ వృత్తిని విడనాడి స్వరాజ్య యను ఆంగ్ల దినపత్రికను స్థాపించిరి. గడించిన సొమ్మంతయు అందులో పోసిరి. తల్లి విస్తరి విస్తరికి లెక్క చూచి ఇల్లు నిలిపెను. కుమారుడు లెక్క చూడక దేశముకొరకు ఇల్లు కరగించెను. పత్రిక కడకు నిలువలేదు. ఆ నష్టమును ఇంటిల్లిపాదియు పంచుకొనవలసి వచ్చెను. పంతులుగారి త్యాగమును కొనియాడునప్పుడు హనుమాయమ్మగారి పాలు మరచుట న్యాయము కాదు. ఒకరి త్యాగము వెనుక ఇంటివారి త్యాగము కూడ నుండును; దానికి బిరుదులు లేవు.

పంతులుగారు 1957 మే 20వ తేదీన హైదరాబాదులో పరమపదించిరి. ఆస్తి మిగల్చలేదు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టబడినది. పూటకూళ్ళ ఇల్లు నడిపిన తల్లిని చిన్నచూపు చూచిన సీమకే ఆమె బిడ్డ పేరు నిలిచినది.

మన ప్రాంతమున ప్రత్తి, మిరప వ్యాపారములుగాని, చిన్న అంగడిగాని, ఇంటివారందరు కలిసి నడుపుకొనుట వాడుక. చిట్టాలో రూపాయలు వ్రాయుదుము. అందరికంటె వెనుక ఎవరు భుజించిరో, ఎవరి చీర తాకట్టుకు పోయెనో వ్రాయము. సుబ్బమ్మగారి కథ చదివినవారు ఆ వ్రాయని పద్దును ఒకమారు తలచుకొందురు గాక. పంతులుగారి స్వీయచరిత్రమైన నా జీవితయాత్రను చందాదారులందరును చదువవలెనని మా కోరిక.