ఫ్యూజు తీగ వెనుక ఉన్న మనిషి: థామస్ ఎడిసన్

ఇంట్లో ఉన్నట్టుండి దీపాలు ఆరిపోయి, ఫ్యూజు పోయిందని తెలిస్తే విసుక్కుంటాం. కాని ఆ చిన్న తీగ కరిగిపోవడం వల్లనే గోడలోని తీగలు కాలకుండా నిలుస్తాయి. గృహ విద్యుత్తు తొలినాళ్లలోనే ఈ రక్షణను అందులో భాగం చేసినవారు అమెరికా ఆవిష్కర్త థామస్ అల్వా ఎడిసన్.

1847 ఫిబ్రవరి 11న ఒహాయో రాష్ట్రంలోని మిలాన్‌లో ఆయన జన్మించారు. బడికి వెళ్లింది స్వల్పకాలమే. తల్లి వద్దనే చదువుకున్నారు. చిన్నతనంలోనే వినికిడి శక్తి చాలావరకు కోల్పోయారు. రైళ్లలో పత్రికలు అమ్మి, టెలిగ్రాఫ్ ఆపరేటరుగా పనిచేసి, 1876లో న్యూజెర్సీలోని మెన్లో పార్కులో ప్రయోగశాల నెలకొల్పారు. ఎక్కువ గంటలు వెలిగే కార్బన్ ఫిలమెంట్ బల్బు 1879లో అక్కడే రూపొందింది.

బల్బు ఒక్కటే ఇంటికి వెలుగు తేలేదు. జనరేటరు, తీగలు, స్విచ్చి, హోల్డరు, మీటరు అన్నీ సమకూర్చవలసి వచ్చింది. తీగలో ప్రవాహం హద్దు మీరితే అది వేడెక్కి ఇల్లు అంటుకోవచ్చు. అందుకే మిగతా తీగకన్నా ముందుగా కరిగిపోయే చిన్న తీగను మధ్యలో అమర్చే పద్ధతికి ఆయన 1880లో పేటెంట్ పొందారు. 1882 సెప్టెంబరు 4న న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి సుమారు 110 వోల్టుల ఏకముఖ విద్యుత్తు (డీసీ) సరఫరా మొదలైంది. తీగలను భూమిలోని గొట్టాల గుండా నడిపించారు.

అయితే ఆ విద్యుత్తు మైలు దూరం దాటితే నీరసించేది. జార్జ్ వెస్టింగ్‌హౌస్ చేపట్టిన ఏకాంతర విద్యుత్తును (ఏసీ) ట్రాన్స్‌ఫార్మర్ల సాయంతో అధిక వోల్టేజిలో దూరప్రాంతాలకు పంపి, ఇళ్ల దగ్గర తగ్గించుకోవచ్చు. అది ప్రాణాంతకమని ఎడిసన్ ప్రచారం సాగించారు. 1888లో జంతువులపై జరిగిన షాక్ ప్రయోగాలకు తన ప్రయోగశాలలోనే చోటిచ్చారు. ఆయన భయం నిరాధారం కాదు. న్యూయార్క్ వీధుల్లో వేలాడే తీగలు పలువురిని బలిగొన్నాయి. కాని ఆ భయంలో వ్యాపార ప్రయోజనమూ కలిసి ఉంది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శన ఏసీతోనే వెలిగింది.

నేడు మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల ఏసీయే. ఏసీ అయినా డీసీ అయినా షాక్ ప్రాణాంతకం కావచ్చు. కాపాడేది అమరికలోని జాగ్రత్త. ఎడిసన్ నమ్ముకున్న ఫ్యూజు తీగలను రక్షిస్తుంది, మనిషిని కాదు. 5 ఆంపియర్ల ఫ్యూజు కరగకముందే, అందులో వందో వంతు ప్రవాహం గుండె గుండా సాగితే ప్రాణం పోవచ్చు. ఆ లోటును తీర్చేవి ఎర్తింగు, ఆర్‌సీసీబీ. ఇస్త్రీపెట్టె లోహపు భాగానికి కరెంటు తగిలితే ఎర్తు తీగ దాన్ని భూమిలోకి మళ్లిస్తుంది. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ క్షణంలో సరఫరా ఆపేస్తుంది. కనుక ఫ్యూజు స్థానంలో లావు తీగ చుట్టడం, మూడో పిన్ను విరిచేయడం ఈ రక్షణలను చేజేతులా తొలగించుకోవడమే.

1931 అక్టోబరు 18న ఎడిసన్ కన్నుమూశారు. నివాళిగా దేశమంతటా ఒక నిమిషం విద్యుత్తు నిలిపివేయాలన్న ఆలోచన వచ్చినా, అది ప్రమాదకరమని విరమించుకున్నారు. బదులుగా ప్రజలు తమ ఇళ్లలో దీపాలు ఆర్పుకున్నారు. అర్ధశతాబ్దంలోనే విద్యుత్తు అంతటి అవసరంగా మారింది.