వాలెస్ పక్షులు.. వాటి వెనుక అలీ

లండన్‌కు కొద్ది దూరంలో ట్రింగ్ అనే చిన్న ఊరుంది. అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియం సొరుగుల్లో నూట అరవై ఏళ్ల కిందటి పక్షులు వరుసగా పడుకోబెట్టి ఉంటాయి. లోపల దూది కుక్కి, కాలికి దారంతో చీటీ కట్టి భద్రం చేశారు. వాటిలో ఎన్నో పక్షుల చీటీల మీద ఉన్న పేరు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్.

విజ్ఞాన చరిత్రలో డార్విన్ పక్కన నిలబడే పేరు ఇది. వాలెస్ మలయ్ దీవుల్లో ఎనిమిదేళ్లు తిరిగి 8,050 పక్షులను సేకరించారు. అయితే వాటిలో సగానికి పైగా అలీ అనే కుర్రాడు తెచ్చినవేనని పరిశోధకులు లెక్కగడుతున్నారు. అలీ సరావాక్‌కు చెందిన మలయ్ ముస్లిం. అందుకే వాలెస్ జీవితం చెప్పుకోవాలంటే అలీని కూడా కలుపుకుని చెప్పుకోవాలి.

కాలిపోయిన ఓడ

వాలెస్ 1823 జనవరి 8న వేల్స్‌లోని అస్క్ పట్టణం దగ్గర పుట్టారు. తండ్రి చేతిలో డబ్బు నిలవలేదు. దాంతో పద్నాలుగేళ్లకే చదువు ఆగిపోయింది. అన్నతో కలిసి భూముల సర్వే పని చేశారు. పొలాల్లో గొలుసు పట్టుకుని తిరుగుతుంటే మొక్కల మీద ఆసక్తి కలిగింది. 1844లో లెస్టర్‌లో టీచర్‌గా ఉన్నప్పుడు హెన్రీ బేట్స్ అనే స్నేహితుడు పురుగులు సేకరించడం నేర్పించాడు.

1848లో ఇద్దరూ అమెజాన్ అడవులకు బయల్దేరారు. వాళ్ల దగ్గర ఆస్తి లేదు, ప్రభుత్వ సాయం లేదు. పక్షులు, పురుగులు పట్టి లండన్‌లోని ఏజెంట్‌కు పంపాలి. అతను వాటిని మ్యూజియాలకు, సరదా ఉన్న ధనవంతులకు అమ్మి తన కమీషన్ తీసుకుని మిగతాది జమ చేయాలి. ఆ డబ్బుతోనే తిండి, ప్రయాణం. ఏజెంట్ పేరు శామ్యూల్ స్టీవెన్స్. మంచి మనిషి, లెక్క తప్పేవాడు కాదు.

అమెజాన్‌లో వాలెస్‌కు పెద్ద దెబ్బలే తగిలాయి. సాయంగా వచ్చిన తమ్ముడు హెర్బర్ట్ 1851లో యెల్లో ఫీవర్‌తో చనిపోయాడు. మరుసటి ఏడు ఆగస్టులో ఇంటికి తిరిగొస్తుంటే నడిసముద్రంలో ఓడకు నిప్పంటుకుంది. తన దగ్గరున్న పక్షులు, నోట్‌బుక్కులు చాలావరకు కళ్ల ముందే బూడిదయ్యాయి. పది రోజులు చిన్న పడవలో గడిపాక మరో ఓడ వచ్చి కాపాడింది. ఏజెంట్ ముందుచూపుతో సరుకుకు ఇన్సూరెన్స్ చేయించి ఉండటంతో వాలెస్ రోడ్డున పడలేదు.

వంటవాడి నుంచి షికారీ దాకా

అంత జరిగినా ఆయన ఇంట్లో కూర్చోలేదు. 1854లో సింగపూర్‌లో దిగారు. మరుసటి ఏడు సరావాక్‌లో ఉండగా పదిహేనేళ్ల అలీ పనికి కుదిరాడు. మొదట్లో వంట చేసేవాడు, వాలెస్‌కు మలయ్ భాష మాట్లాడటం నేర్పేవాడు. తర్వాత తుపాకీ పట్టాడు. ఆ తర్వాత పక్షి చర్మం ఒలవడం నేర్చుకున్నాడు.

చర్మం ఒలవడం అంటే చిన్న పని కాదు. పొట్ట దగ్గర గాటు పెట్టి, ఒక్క ఈక చెడకుండా లోపలి మాంసం తీసేయాలి. పుర్రె, కాళ్లు, రెక్కల ఎముకలు ఉంచాలి. పురుగు పట్టకుండా లోపల విషపు మందు రాసి, దూది కుక్కి, ఆరబెట్టాలి. ఆ దీవుల్లో ఎడతెగని తేమ. ఆరేలోపు చీమలు పట్టేవి, కుక్కలు ఎత్తుకుపోయేవి. సాయంత్రానికి పని పూర్తి కాకపోతే ఆ రోజు మెహనత్ అంతా వృథా.

చీటీ విలువ

1856లో వాలెస్ బాలి దీవి నుంచి పక్కనే ఉన్న లోంబోక్ దీవికి వెళ్లారు. మధ్యలో ఉన్నది ఇరుకైన సముద్రపాయ మాత్రమే. కానీ పక్షులు మారిపోయాయి. బాలిలో ఆసియా రకం వడ్రంగి పిట్టలు కనిపిస్తే, లోంబోక్‌లో ఆస్ట్రేలియా వైపుండే తెల్ల కాకటూలు కనిపించాయి. రెండు దీవుల మధ్య సముద్రం చాలా లోతు. పూర్వం నీటిమట్టం తగ్గినప్పుడు కూడా అవి కలవలేదు. ఆ గీతనే ఇప్పుడు వాలెస్ రేఖ అంటున్నారు.

ఏ పక్షి ఏ దీవిలో దొరికిందో రాసిపెట్టుకోకపోతే ఈ సంగతి తేలేది కాదు. బీగిల్ ఓడ మీద 1835లో గలాపగోస్ వెళ్లిన డార్విన్ తన చిన్న పిట్టల్లో చాలావాటికి దీవి పేరు రాయలేదు. తర్వాత తోటి ప్రయాణికుల పక్షులు చూసి సరిచేసుకోవాల్సి వచ్చింది. 2009లో ట్రింగ్ మ్యూజియంలో దొంగతనం జరిగి 299 పక్షులు పోయాయి. అందులో వాలెస్‌వి కూడా ఉన్నాయి. దొంగ ఈకలు అమ్ముకోవడానికి చాలావాటి చీటీలు తీసేశాడు. చీటీ పోయిన పక్షి తిరిగి దొరికినా శాస్త్రానికి పెద్దగా పనికిరాదు.

తెరచాప పడవ మీద

1856 డిసెంబర్‌లో వాలెస్, అలీ మకస్సర్ నుంచి ఆరూ దీవులకు ప్రయాణమయ్యారు. ఎక్కింది వ్యాపారానికి వెళ్లే తెరచాప పడవ. దాదాపు వెయ్యి మైళ్ల దూరం. గాలి ఒక్కో కాలంలో ఒక్కో వైపు వీస్తుంది కాబట్టి వెళ్లినవాళ్లు ఆరేడు నెలలకు గానీ తిరిగి రాలేరు. వాలెస్ ఆ ప్రయాణాన్ని ఎంతో మెచ్చుకున్నారు. ఆరూలోని డోబో బజారులో పోలీసు లేకున్నా, కోర్టు లేకున్నా జనం నెమ్మదిగా వ్యాపారం చేసుకోవడం చూసి ఆశ్చర్యపోయారు.

ఆ దీవుల్లో వాలెస్ కాళ్లకు పురుగులు కుట్టి పుండ్లు పడ్డాయి. రోజుల తరబడి గుడిసె దాటలేకపోయారు. అప్పుడు అడవికి వెళ్లింది కుర్రాళ్లే. ఒకసారి అలీని ఒంటరిగా వనుంబాయి అనే పల్లెకు పంపారు. అతను జ్వరంతో వణుకుతూనే రెండు వారాల్లో పదహారు బర్డ్ ఆఫ్ పారడైజ్ పక్షులను సిద్ధం చేసి తెచ్చాడు.

1858లో వాలెస్‌కే జ్వరం వచ్చింది. ఆ మంచం మీదే జీవజాతులు ఎలా మారతాయో ఆలోచన తట్టింది. దాన్ని రాసి టెర్నాటే దీవి నుంచి డార్విన్‌కు పంపారు. ఆ జూలై 1న లండన్‌లో ఇద్దరి రచనలూ కలిపి చదివారు.

అదే ఏడు అక్టోబర్‌లో బచాన్ దీవిలో అలీ నడుముకు పక్షులు వేలాడదీసుకుని వచ్చాడు. అందులో ఒకటి ఎవరూ ఎరగనిది. రొమ్ము మీద మెరిసే ఆకుపచ్చ ఈకలు, ఒక్కో భుజం నుంచి రెండేసి పొడవైన తెల్లటి ఈకలు. ఇది వింతగా ఉందని ముందు గుర్తించి చూపించింది అలీనే. మరుసటి ఏడు బ్రిటిష్ మ్యూజియంకు చెందిన జార్జ్ గ్రే దానికి వాలెస్ పేరు పెట్టారు.

ఎవరి దారి వారిది

1862లో సింగపూర్‌లో ఇద్దరూ విడిపోయారు. వాలెస్ అలీకి డబ్బు, రెండు తుపాకులు, మందుగుండు ఇచ్చారు. స్టూడియోలో ఫోటో తీయించారు. తర్వాత రెండు బతికున్న బర్డ్ ఆఫ్ పారడైజ్ పక్షులతో ఓడ ఎక్కారు. దారిలో బొంబాయిలో వారం ఆగి వాటి కోసం అరటిపండ్లు కొన్నారు. ఓడలో రాత్రిళ్లు బొద్దింకలు పట్టి మేపారు. అవి క్షేమంగా లండన్ జూ చేరాయి.

వాలెస్ మొత్తం సేకరణ 1,25,660. అమ్మగా వచ్చిన డబ్బును మంచి చోట పెట్టుబడి పెట్టలేక పోగొట్టుకున్నారు. పక్కా ఉద్యోగం ఎన్నడూ దొరకలేదు. పరీక్ష పేపర్లు దిద్ది, పుస్తకాలు రాసి ఇల్లు గడిపారు. డార్విన్ పట్టుబట్టడంతో 1881లో ఏటా 200 పౌండ్ల ప్రభుత్వ పెన్షన్ వచ్చింది. 1913 నవంబర్ 7న, తొంభై ఏళ్ల వయసులో చనిపోయారు.

అలీ టెర్నాటేలోనే పెళ్లి చేసుకున్నాడు. 1907లో అమెరికా శాస్త్రవేత్త థామస్ బార్బర్ ఆ దీవికి వెళ్తే ఒక ముసలాయన ఎదురొచ్చి తన పేరు అలీ వాలెస్ అని పరిచయం చేసుకున్నాడు. బార్బర్ ఆయన ఫోటో తీసి ఇంగ్లండ్‌లో ఉన్న వాలెస్‌కు పంపారు. వాలెస్ నుంచి జవాబు కూడా వచ్చింది.

పనివాళ్ల పేర్లు పుస్తకాలకెక్కడం అరుదైన రోజులవి. వాలెస్ 1869 నాటి తన యాత్రా గ్రంథంలో అలీ పేరు రాశారు. 1905లో ఆత్మకథ వేసినప్పుడు సింగపూర్‌లో తీయించిన ఆ ఫోటోను కూడా అచ్చువేశారు. పక్షుల చీటీల మీద లేకపోయినా అలీ పేరు నేటి వరకు నిలిచిందంటే ఆ పుస్తకాల వల్లే.