నర్సు వృత్తికి చదువు, గౌరవం: రాజకుమారి అమృత్ కౌర్

మీరు ఆస్పత్రిలో నర్సులను చూసే ఉంటారు. ఇంజక్షన్ ఇవ్వడం, నాడి చూడడం, రోగి పరిస్థితిని చార్టులో రాయడం వారి పనులు. వీటికి చదువు కావాలి. కాని ఒకప్పుడు మన దేశంలో నర్సింగును చిన్నచూపు చూసేవారు. డాక్టరు చెప్పింది చేయడమే నర్సు పని అనుకునేవారు. శిక్షణ కూడా ప్రాంతానికొక తీరుగా ఉండేది. ఈ స్థితిని మార్చడానికి కృషి చేసినవారిలో రాజకుమారి అమృత్ కౌర్ ఒకరు.

కపూర్తలా రాజవంశానికి చెందిన ఆమె లక్నోలో జన్మించారు. ఇంగ్లండులో చదువుకున్నారు. రాజభోగాలు వదులుకొని గాంధీజీకి కార్యదర్శిగా పనిచేశారు. జైలుకు కూడా వెళ్లారు.

1947లో ఆమె స్వతంత్ర భారత తొలి ఆరోగ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాదే భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. దేశమంతటా నర్సుల శిక్షణకు ఒకే ప్రమాణం ఉండాలన్నదే దాని ఉద్దేశం. 1956లో ఢిల్లీలో ఎయిమ్స్ ఏర్పాటుకు ఆమె ఎంతో శ్రమించారు. సిమ్లాలోని తన ఇంటిని ఆ సంస్థ సిబ్బంది విశ్రాంతి కోసం ఇచ్చేశారు. 1964లో మరణించారు. 1946లో నర్సింగ్ డిగ్రీ చదువు మొదలుపెట్టిన ఢిల్లీ కళాశాల నేడు ఆమె పేరుతోనే ఉంది.

రోగిలో మార్పును ముందుగా గుర్తించి డాక్టరుకు తెలపడం నేడు నర్సు బాధ్యత. ఆ బాధ్యతకు తగిన గౌరవం మనం ఇస్తున్నామా? ఆలోచించండి.